పెడతల పరిచయం

"ఈ తల గుర్తుందా?" అని ఆ అమ్మాయి నాకు వీపు తిప్పి నిలబడింది.

గుర్తు పట్టడానికి అక్కడ తల ఎక్కడుంది? భుజాల మీద ఓ నల్లమబ్బు కూర్చుని ఉంది. అందులో విరిగిన దువ్వెన పన్ను ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ మబ్బును రెండు చేతులతో పక్కకి తప్పించి, కుడిచెవి వెనక వేలు పెట్టి చూశాను. అక్కడ ఎముక చిన్న గుట్టలా ఉబ్బి ఉంది.

"అకోఫా," అన్నాను.

"ముట్టుకునే ముందు అడగాలి. ఆ మాత్రం మర్యాద మీ నాన్న నేర్పలేదా?"

"మా నాన్న గొరగడం నేర్పాడు. మర్యాద తర్వాత నేర్పుతానన్నాడు. ఈలోగా పోయాడు."

ఆమె నవ్వు ఆపుకోవడం అద్దంలో కనబడింది.

మా ఊరు హోహోయెలో బడికెళ్ళే ఆడపిల్లలు జుట్టు పెంచుకోకూడదు. పెంచితే చదువు దాంట్లో చిక్కుకుని బుర్రలోకి దిగదని పెద్దల భయం కాబోలు. అందుకని బడి తెరిచే ముందు ఊళ్ళో ఆడపిల్లలంతా మా షాపు ముందు బారులు తీరేవాళ్ళు. మా షాపు పేరు 'అంతిమ తీర్పు'. నాన్నే పెట్టి బోర్డు రాయించాడు. నాకు మీసం మొలవకముందే చేతిలో మెషీన్ పెట్టాడు. ఈ ఊళ్ళో నా ఈడు ఆడపిల్లల్లో నన్ను శపించనిది లేదు. పెళ్ళికాని మంగలికి ఇంతకంటే చెడ్డపేరు ఉండదు.

నేను మనుషుల్ని వెనకనుంచి ఎరుగుదును. ముఖం చిన్నప్పుడే అబద్ధం నేర్చుకుంటుంది. పెడతల నేర్చుకోదు, దాన్ని అద్దంలో ఎవరూ చూసుకోరు కదా. పాస్టరుగారు మైకు ముందు సింహంలా గర్జిస్తారు, ఆయన పెడతల మాత్రం భార్యకి భయపడుతుంది. ఇన్ని తలలు చదివిన నాకు నా పెడతల ఎలా ఉంటుందో తెలియదు. నాన్న పోయాక దాన్ని చూసిన మనిషి లేడు. తడుముకుంటూ నేనే గొరుక్కుంటాను.

"కత్తిరించాలా?" అన్నాను.

"కత్తిరించడానికి కాదు. బడి ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడిది నా జుట్టు. దీంతో ఏం చెయ్యాలో నాకు తెలీదు. దువ్వితే దువ్వెన విరుగుతుంది. నూనె పెడితే ఎటు పోతుందో కనబడదు. వచ్చే ఈస్టర్ లోపు ఇది మనిషి తలలా కనబడకపోతే మా అమ్మ నన్ను మెర్సీ ఆంటీ సెలూన్‌కి లాక్కెళ్ళి, జుట్టు సాఫుచేసే క్రీమ్ పూయిస్తుంది. నేను సరేనన్నాను కూడా."

"మరి నా దగ్గరికెందుకు?"

"ఇన్నేళ్ళూ తీసింది నువ్వు. పెంచాల్సిందీ నువ్వే. జుట్టు గురించి తెలుసా, తెలీదా?"

తెలీదు. నాకు తెలిసింది జుట్టు లేకుండా చెయ్యడం. నా చెల్లెళ్ళు బోడితలలతో పెరిగారు. మా అమ్మ ఎప్పుడూ తలగుడ్డతోనే కనబడేది. కానీ మగవాడి లోపల ఒక గుమాస్తా కూర్చుని ఉంటాడు. ఆడపిల్ల ఏది అడిగినా విచారణ లేకుండా 'తెలుసు' అని ముద్ర కొట్టేస్తాడు.

"తెలుసు," అన్నాను.

అప్పట్నుంచి శనివారం శనివారం వచ్చేది. ఊళ్ళో రేడియోలో చావు ప్రకటనలు చదివే ఉద్యోగం ఆమెది. ఎవరి అంత్యక్రియలు ఎప్పుడో, ఎర్రబట్టలు కట్టుకురావాలో నల్లబట్టలో, తేనె పూసినట్టు చెప్పేది. ఆ గొంతులో మన పేరు వినడానికైనా ఓసారి పోవచ్చనిపించేది.

"రేడియోలో నీ జుట్టు ఎవరికి కనబడుతుంది?" అన్నానొకసారి.

"నాకు కనబడుతుంది. ఇన్నాళ్ళూ అద్దంలో నా చెవులే కనబడేవి."

"మంచి చెవులు."

"మాట మార్చకు. చిక్కు తియ్యి."

మేం మాట్లాడుకునేదంతా అద్దంలోనే. నేను అద్దంలో ఆమెను చూసేవాణ్ణి, ఆమె అద్దంలో నన్ను చూసేది. సూటిగా చూసుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. అద్దంలో ఉన్నది ఎవరో వేరేవాళ్ళు, వాళ్ళు ఏం చూసుకున్నా మాకు సంబంధం లేదు అన్నట్టుండేది.

నా విద్యంతా ఫోన్లోంచి వచ్చేది. ఎవరో అమెరికా ఆవిడ గుడ్డులో తేనె కలిపి తలకి పట్టిస్తే జుట్టు ఇనుములా తయారవుతుందని చెప్పింది. పట్టించాను. ఎలాంటి నీళ్ళతో కడగాలో ఆవిడ చెప్పేలోగా డేటా అయిపోయింది. ఎడారి మీంచి వీచే హర్మటాన్ గాలి అప్పుడే మొదలైంది, పొద్దున్నే పెదాలు పగిలే చలి. పాపం వణుకుతుందేమోనని నీళ్ళు బాగా కాచి పోశాను.

"ఏదో వాసనొస్తోంది," అంది అకోఫా.

"తేనె."

"తేనె కాదు. బస్టాండు దగ్గర రొట్టె, ఆమ్లెట్ అమ్మే బండి వాసన."

చూశాను. ప్రతి పాయలోనూ గుడ్డు ఉడికి ముద్దలు కట్టింది. అద్దంలో ఉన్నవాడు నాకంటే ముందు తల దించుకున్నాడు.

"సెలాసీ, నీకు నిజంగా తెలుసా?"

లోపలి గుమాస్తా సెలవు పెట్టాడు.

"తెలీదని ఒక్కమాట అని ఉంటే ఇద్దరం కలిసి నేర్చుకునేవాళ్ళం," అంది. తువ్వాలు చుట్టుకుని వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున రేడియోలో ఎవరో పెద్దాయన అంత్యక్రియల వివరాలు చెప్పాక, అదే తేనె గొంతు ఇంకోటి చెప్పింది. "శ్రోతలకు ఒక మనవి. మన ఊళ్ళో ఒక మంగలి నా తలమీద ఆమ్లెట్ వేశాడు. పేరు చెప్పను. ఉప్పు కూడా వెయ్యలేదు."

కుర్చీలో ఉన్న టాక్సీ డ్రైవరు ఎంత నవ్వాడంటే అతని సైడ్‌బర్న్ ఒకటి ఎగిరిపోయింది.

"ఎవడై ఉంటాడంటావ్?"

"ఏమో," అన్నాను.

"మరి నీ షాపులో గుడ్డు వాసనెందుకొస్తోంది?"

ఆ రోజునుంచి నా తలమీద మెషీన్ పెట్టలేదు. దీన్ని పశ్చాత్తాపం అనుకోకండి, మొండితనం. ఆమె పుర్రె నాకు గుట్టగుట్టకీ తెలుసు. దానిమీద మొలిచేదాని గురించి ఏమీ తెలియదు. ఒక మనిషిని గొరిగినప్పుడు మాత్రమే ఎరుగుదునంటే అదేం పరిచయం? తెలుసుకోవాలంటే ముందు నా నెత్తిమీద పండించి చూడాలి.

కొంత పండాక కాలవ దాటి ఎదురుగా మెర్సీ ఆంటీ సెలూన్‌కి వెళ్ళాను.

"సైతానుకి జుట్టు మొలిచిందే," అంది ఆంటీ.

"నేర్పండి ఆంటీ."

"ఏం నేర్పాలి? ఆమ్లెట్ వచ్చుగా."

"జుట్టు."

"ఈ ఊరి ఆడవాళ్ళకి సొంత జుట్టంటే తెలీకుండా చేసిందే నువ్వూ మీ నాన్నా. కూర్చో."

చిన్నపిల్లని కూర్చోబెట్టినట్టు నేలమీద, తన మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టింది. పొడితలమీద దువ్వెన పెడితే మొట్టికాయ. కుదుళ్ళనుంచి మొదలెడితే మొట్టికాయ.

"కొసనుంచి రా. కొస వదిలితే పైది తనే వదులుతుంది. చిక్కుతో పోట్లాడకు, దానికి నీకంటే తీరిక ఎక్కువ."

తల తడిపి, వేళ్ళతో విడదీసి, షియా గింజల వెన్న అరచేతుల్లో కరిగించి రాసి, సాగడానికని పాయపాయకీ నల్లదారం చుట్టింది. నా నెత్తిమీద పొట్టి కొమ్ములు లేచాయి. ఏడుపొచ్చినంత పనైంది. నొప్పికి కాదు. మగపిల్లల తలని ఇంతసేపు ఎవరూ పట్టుకోరు.

నూలు దిండు జుట్టులో తేమంతా తాగేస్తుందంటే సిల్కు గుడ్డ తలకి కట్టుకుని పడుకున్నాను. కొమ్ములతోనే షాపు తెరిచాను. బేరాలు పడిపోయాయి, నెత్తిమీద అడివి ఉన్న మంగలిని ఎవరు నమ్ముతారు? మగవాడికి పొడుగు జుట్టు దేవుడికి ఇష్టంలేదని పాస్టరుగారు కుర్చీలో కూర్చుని చెప్పబోయారు. గొంతుమీద కత్తి ఉంది గనక ఎక్కువసేపు చెప్పలేదు. రేడియోలో అకోఫా రోజూ ఎవర్నో ఒకర్ని పూడ్చిపెడుతూనే ఉంది. షాపుకి మాత్రం రాలేదు.

ఈస్టర్ ముందురోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. బకెట్ బోర్లించినట్టు పడింది. కాలవ పొంగి రోడ్డెక్కింది. అవతల మెర్సీ ఆంటీ పంచలో అకోఫా వాళ్ళమ్మ నిలబడి ఉంది, విగ్గు తడవకుండా పాలిథీన్ సంచి కట్టుకుని. వెనక వస్తున్న అకోఫా కాలవకి ఇవతలే ఆగిపోయింది. ఇటువైపు నా షాపు తప్ప వేరే చూరు లేదు.

లోపలికొచ్చి నన్ను చూసి బిగుసుకుపోయింది. మెడదాకా సాగదీసుకున్న ఆమె జుట్టు వానకి చెవుల పైకి ముడుచుకుపోయింది. బయట పెట్టిన బల్ల లాగబోయి తడిసిన నా జుట్టూ అంతే. రెండు గొర్రెపోతులు ఎదురుపడ్డట్టు నిలబడ్డాం.

"ఇదేంటి?"

"జుట్టు."

"ఎవరిది?"

"నాదే. నేర్చుకుంటున్నా. తెలీదు కదా."

ఆమె మొహం మీది నీళ్ళు తుడుచుకుంది. రేకుల మీద వాన మోగుతోంది.

"మళ్ళీ అను."

"తెలీదు. ఆ రోజు తెలుసన్నది అబద్ధం."

కుర్చీలో కూర్చుంది. "అమ్మ నన్ను క్రీమ్ పూయించడానికి తీసుకొచ్చింది. వాన తగ్గేదాకా నీకు టైముంది."

"ముట్టుకోవచ్చా?"

అద్దంలో కనుబొమ్మ ఒకటి లేచింది. "ముట్టుకో."

కొసనుంచి వచ్చాను. వెడల్పు పళ్ళ దువ్వెన, షియా వెన్న, పాయ తర్వాత పాయ. దువ్వెన విరగలేదు. అవతల పంచలోంచి వాళ్ళమ్మ కేక వేసింది. "ఒసే, ఆ ఆమ్లెట్ గాడి దగ్గర ఏం చేస్తున్నావే?"

"తల ఆరబెట్టుకుంటున్నా."

"తొందరేం లేదు వదినా," అంది మెర్సీ ఆంటీ. "క్రీమ్ అయిపోయింది." ఆవిడ వెనక అలమరలో క్రీమ్ డబ్బాలు మా షాపుదాకా కనబడుతున్నాయి.

"ఈ అడివి నాకోసమేనా?" అంది అకోఫా, అద్దంలో నా నెత్తికేసి చూస్తూ.

"నీ పుర్రె అంటే నాకు ముందునుంచీ ఇష్టం."

"అందరూ కళ్ళతో మొదలెడతారు."

"నేను వెనకనుంచి వచ్చాను. కళ్ళదాకా చేరడానికి ఇన్నాళ్ళు పట్టింది."

కుర్చీ తిప్పాను. అద్దం వెనక్కి పోయింది. నేను ఎప్పుడూ కుడివైపు చూసే పుట్టుమచ్చ ఎడమవైపుకి వచ్చేసింది. ఇన్నాళ్ళూ ఎవరితో మాట్లాడుతున్నానో అప్పుడు చూశాను. ఆమె కూడా తల దించలేదు.

"ఇప్పుడు నువ్వు తిరుగు," అంది.

తిరిగాను. మెడమీద జుట్టు తప్పించి, వేలితో ఏదో వెతికింది.

"నీ పెడతల నీకంటే మంచివాడిలా ఉంది."

"ఎలా తెలుసు?"

"సిగ్గుపడుతోంది."

వాన సన్నబడగానే వాళ్ళమ్మ లంగా ఎత్తిపట్టుకుని కాలవ దాటి వచ్చింది. నన్ను చూడలేదు. కూతురి జుట్టులో వేళ్ళు దూర్చింది. చిక్కుకుంటాయని ఎదురుచూసింది. అవి అటునుంచి ఇటు నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చేశాయి. మళ్ళీ దూర్చింది. తర్వాత ఆ వేళ్ళు వాసన చూసుకుంది.

"గుడ్డు లేదమ్మా," అంది అకోఫా.

"లే. నేను కూర్చుంటా."

కూర్చుని, పాలిథీన్ సంచి విప్పి, విగ్గు తీసి కూతురి చేతిలో పెట్టింది. "జాగ్రత్త. ఇండియా జుట్టు. ఎవరో కొండెక్కి దేవుడికి ఇచ్చుకున్నది."

"మరి నీ దగ్గరికెలా వచ్చిందమ్మా?"

"దేవుడు పంచుకునే రకం. నోర్మూసుకో."

విగ్గు కింద కణతలు నున్నగా ఉన్నాయి. నడినెత్తిన ఎండుగడ్డిలా నాలుగు పోచలు. అకోఫా చేతిలో విగ్గు కదలడం మానేసింది. ఈ తలని ఆమె కూడా ఎన్నడూ చూడలేదని అర్థమైంది.

"ఏళ్ళతరబడి పూసిన క్రీమ్ చేసిన పని ఇది," అంది ఆవిడ, అద్దంలోకి చూడకుండా. "తీసెయ్. మొత్తం. మళ్ళీ మొదటినుంచి పెంచుకుంటా. దీనికి వచ్చింది నాకెందుకు రాదు?"

చాలాకాలం తర్వాత ఆడమనిషి తలకి మెషీన్ తీసుకున్నాను.

"ముట్టుకోవచ్చా అమ్మా?"

"ఆ మెర్సీ మర్యాద కూడా నేర్పిందే."

పోచలు రాలాయి. కుడిచెవి వెనకకి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. అక్కడ ఎముక చిన్న గుట్టలా ఉబ్బి ఉంది. నేను వెనక్కి తిరిగి అకోఫాను చూశాను, అద్దంలో కాదు. ఆమె అద్దంలో నా పెడతలకేసి చూసి నవ్వుతోంది.

"పిల్లనడగడానికి ఆచారంగా మందు సీసాలు పట్టుకొచ్చి మా తలుపు కొట్టాలి కదా," అంది వాళ్ళమ్మ కళ్ళు మూసుకునే. "నీకు పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మావయ్య ఒక్కడే అమ్మా. ఆయన తలమీద ఒక్క వెంట్రుక లేదు."

"పర్లేదు, రమ్మను. నాకూ లేదిప్పుడు."