తీన్‌శే ఏకతీస్

హేమలత చాటలో బియ్యం ఏరుతోంది. మోకాలి పక్కన చించిన క్యాలెండర్ కాగితం. దాని మీద పెన్సిల్‌తో రాసిన సంఖ్య: 999313.

మూడుతో పోలేదు. ఐదుతో పోలేదు. ఏడుతో పోయింది. శేషం సున్నా.

మళ్లీ చేసింది. మళ్లీ సున్నాయే. ఏరిన రాయి తిరిగి బియ్యంలోనే పడిపోయింది.

మొన్న కోచింగ్ క్లాసు బయట ఆమే అంది. "ఎంత పెద్ద నంబరైనా దేనితోనో ఒకదానితోని విడిపోతది మధుకర్. మనమూ గంతే. మా బాపు ఒప్పుకోడు."

"విడిపోని నంబర్ చెప్త," నవ్వాడతను. "ముందలి అంకె తీసి చివర్ల పెట్టు. ఎన్నిసార్లు తిప్పినా విడిపోదు. ఆదివారం మీ ఇంటికొస్త. విడిపోయిందంటే మీ బాపును ఏం అడగ. మొబైల్‌ల చూడొద్దు, ఒట్టు!"

మరాఠీ బడిలో చదివినవాడు, వానలో కదిలిపోతున్న బల్లార్‌పూర్ బస్సు మెట్టు మీంచి ఆ నంబర్‌ని మరాఠీలోనే అరిచాడు. ఆమె గొడుగు మెడ దగ్గర ఇరికించుకుని అరచేతిలో రాసుకుంది.

ఇవాళ ఆదివారం. గుమ్మం ముందు బండి ఆగింది.

"కాకా, ఉన్నరా?"

బాపు బాలకిషన్ పేపరు దించాడు. బొగ్గు గని కాంటా దగ్గర ఇరవై ఏళ్లుగా లారీల బరువు రాసే మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

"ఎవలు నువ్వు?"

"మధుకర్, కాకా. హేమలత క్లాస్."

"పనేంది?"

మధుకర్ ఆమె వైపు చూశాడు. ఆమె కళ్లు వాల్చేసింది.

"ఏడుతోని పోయింది."

"పోదు!"

"రెండుసార్లు చేసిన."

అతని ముఖంలో రంగు పోయింది. "ఏం పని లేదు కాకా," అంటూ చెప్పుల వైపు తిరిగాడు.

"ఆగు."

బాపు కాగితం అందుకున్నాడు. హేమలత చాట అంచు గట్టిగా పట్టుకుంది.

"ఈ నంబర్ ఎవలు చెప్పిండ్రు?"

"...మధుకర్."

"తెలుగులనా, మరాఠీలనా?"

"మరాఠీల."

"చివరికి ఏమన్నడు?"

"తీన్‌శే ఏకతీస్."

"అంటె మూడువందల ముప్పై ఒకటి. ఏక్ ముందుగాల వినవడ్డదని ఒకటి ముందు రాసినవ్. అమ్మమ్మ ఊర్ల తెలుగు బడి చదువు! కొత్తల నేనూ గిట్లనే రాసి కాంటా కాడ ఎన్ని తిట్లు తిన్ననో." 13 కొట్టేసి పక్కన 31 రాశాడు.

హేమలత ఏడుతో భాగించింది. శేషం నాలుగు.

"ఇగ విడిపోదు," అన్నాడు మధుకర్, మెల్లగా.

"విడిపోకుంటే?"

"హేమలతను నాకు ఇయ్యుమని అడుగుదామని వచ్చిన, కాకా."

బాపు అతన్ని చూశాడు. కూతుర్ని చూశాడు. ఆ చూపు ఎంతకీ తెగలేదు. తర్వాత లేచి, గోడకు వేలాడే రెండు డబ్బాల ముందు నిలబడ్డాడు. చిన్నది రోజూ పాలకు. పెద్దది చుట్టాలొస్తే మటన్‌కు.

హేమలత చాట కింద పెట్టింది.

బాపు పెద్దది తీసుకున్నాడు. చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు.