కుట్ల డాక్టరమ్మ, మత్తు డాక్టరు

సృజన ఆ ఆస్పత్రిలో చేరిన మొదటి వారంలోనే మత్తు డాక్టరు ఆమె ఆపరేషన్‌ను ఆపేశాడు.

పేషెంట్ బల్ల మీద ఉన్నాడు. లివర్‌లో గడ్డ తీసే కేసు. సృజన చేతులు కడుక్కుని గౌను కోసం నిలబడి ఉంది. నిజానికి ఆమె చేయబోయేది పెద్ద పనేమీ కాదు, పెద్ద డాక్టర్ సరళాదేవి మేడం పక్కన నిలబడి పొట్ట తెరిచి పట్టుకోవడమే. అయినా అది ఆమె మొదటి కేసు. అంతలో తలవైపు నిలబడ్డ డాక్టర్ సంతోష్‌రావు అప్పుడే వచ్చిన రిపోర్టు చూశాడు. రక్తం గడ్డకట్టే టెస్ట్ బాగాలేదు, రెండు రోజులు ఇంజెక్షన్లిచ్చి మళ్లీ చూద్దాం అన్నాడు, చాయ్ తర్వాత తాగుదాం అన్నంత తేలిగ్గా.

"మేడం ఒప్పుకున్న కేసు మీరెట్ల ఆపుతరు?" అంది సృజన.

"కోసేది మీరు. కోసినంక నెత్తురు ఆగకపోతే జవాబు చెప్పాల్సింది నేను."

డాక్టర్ సరళాదేవి వచ్చి కాగితం చూసి పేషెంట్‌ను వార్డుకు పంపించేసింది. సృజన ముఖం ఎర్రబడింది. ఆ రోజు నుంచి ఆమె అతనికి డాక్టర్ వాయిదా అని పేరు పెట్టింది. థియేటర్ నర్సు తిరుమల చెవిన పడ్డ ఆ పేరు వారం తిరక్కుండానే అతని దాకా పోయింది. అతనికి కోపం రాలేదు సరికదా, డ్యూటీ చార్టులో తన పేరుండాల్సిన చోట 'వాయిదా' అని రాసి సంతకం పెట్టాడు.

సరళాదేవి ఇరవై ఏళ్లు చెన్నైలో పనిచేసి, సొంతూరు కరీంనగర్‌కు తిరిగొచ్చి లివర్, పాంక్రియాస్ క్యాన్సర్ ఆపరేషన్ల విభాగం పెట్టింది. అంతకుముందు ఆదిలాబాద్ పల్లెల్లో ఎవరికైనా ఇట్లాంటి జబ్బొస్తే హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. అంత దూరం ఏం పోతాంలే అని ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు ఎందరో. అందుకే ఆమె రెండేళ్ల ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. ఏడాదికి ఒక్కటే సీటు. ఈసారి ఆ సీటు లక్సెట్టిపేట రైతు పరశురాములు బిడ్డకు వచ్చింది. పరశురాములు పదిహేనేళ్లు మస్కట్‌లో క్రేన్ నడిపి సృజనను డాక్టర్ చదివించాడు.

మొదటి ఆరు నెలలు పట్టుకోవడం, చూడటం, నోట్సు రాయడంతోనే గడిచాయి. ఆ తర్వాత కుట్లు. పాంక్రియాస్‌కు కుట్టు వేయడమంటే పాల మీది మీగడకు కుట్టు వేయడమే. దారం కాస్త గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా ఉంటే కారుతుంది. చేతికి అలవాటు కావాలంటే వందసార్లు కుట్టి చూడాలంది మేడం. అందుకని సృజన ప్రతి ఆదివారం మంకమ్మతోట దగ్గరి మటన్ దుకాణానికి పోయి, కోయని బోటి, అంటే మేక పేగులు, అడిగి తెచ్చుకునేది.

నాలుగో ఆదివారం దుకాణమాయన ఉండబట్టలేక, ఇంత బోటి తినడానికి మీ ఇంట్ల ఎంతమంది ఉన్నరమ్మా అని అడిగాడు.

"ఆమె తినదు అన్నా. కుట్లేస్తది," అని వెనక నుంచి గొంతు వినిపించింది.

సంతోష్ చేతిలో సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంట్లో నాన్నకు కార్జం ఇష్టమని తీసుకోవడానికి వచ్చాడట. దుకాణమాయన కత్తి ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సృజన నవ్వు ఆపుకోవాలనుకుంది, ఆగలేదు.

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. జల్లు కాదు, రోడ్డు అవతలి బోర్డు కూడా కనిపించనంత వాన. ఇద్దరూ రేకుల కింద నిలబడ్డారు. రేకుల మీద ఆ చప్పుడుకు మాట వినిపించాలంటే దగ్గరికి జరగక తప్పలేదు. అతను దగ్గరికి జరిగినప్పుడల్లా ఆమె సంచిని మధ్యలో అడ్డం పెట్టింది. చివరికి ఒకే ఆటో దొరికింది. ఇద్దరి మధ్య బోటి సంచి పెద్దమనిషిలా కూర్చుంది.

తర్వాతి ఆదివారం నుంచి సంతోష్ ప్రాక్టీసు గదికి రావడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో టైం పెట్టుకుని ఆమె ఒక్కో కుట్టుకు ఎంతసేపు తీసుకుంటుందో చెప్పేవాడు. కుట్టిన పేగులోకి సిరంజితో నీళ్లెక్కించి, ఎక్కడ కారినా వేలుపెట్టి చూపించేవాడు. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. కొన్నాళ్లకు అతను రావడం ఆలస్యమైతే తలుపు వైపు చూడటం అలవాటైంది. 'మీరు' పోయి 'నువ్వు' ఏ ఆదివారం వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒకరోజు ఆమె, ప్రతి కేసుకీ అంత భయమెందుకు నీకు అని అడిగింది.

"నువ్వు లోపల చూస్తవు. నేను మొఖం చూస్త," అన్నాడు సంతోష్. "నిద్రపుచ్చే ముందు ప్రతొక్కరు ఒక్కటే అడుగుతరు, మళ్ల లేస్త గద సారూ అని. లేస్తవని చెప్పేది నేనే. చెప్పినంక మాట తప్పొద్దు గదా."

ఆ రోజు సృజన వేసిన కుట్లలో రెండు తప్పిపోయాయి.

రెండో ఏడు చివర్లో హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి లస్మవ్వ వచ్చింది. యాభై ఎనిమిదేళ్లు. కళ్లు పసుపు రంగు, ఒళ్లంతా దురద, నెల రోజుల్లో సగానికి చిక్కిపోయింది. పాంక్రియాస్ తలభాగంలో గడ్డ. పక్కకు పాకలేదు, తీసేస్తే మనిషి దక్కుతుంది. భర్త హనుమండ్లు భుజం మీది తువ్వాల నలుపుతూ, ఎంత కష్టమైనా చేయండ్రి, ఈమె లేకుంటే నాకు పొద్దు కూడ తెల్వదు అన్నాడు.

ఈ రకం ఆపరేషన్లలో ఇదే అన్నిటికంటే పెద్దది. ఏడు గంటలు పడుతుంది. గడ్డతో పాటు పేగు ముక్క, పిత్తాశయం తీసేసి, మిగిలినవన్నీ మళ్లీ కలిపి కుట్టాలి. శిక్షణ పూర్తయిందని మేడం సంతకం పెట్టాలంటే అట్లాంటిది మొదటి నుంచి చివరి వరకు ఒంటిచేత్తో చేసి చూపించాలి. సరళాదేవి, ఈ కేసు నీదే అంది. సృజన వెంటనే లక్సెట్టిపేటకు ఫోన్ చేసి బాపు పరశురాములుతో చెప్పింది.

సాయంత్రం మేడం గది ముందు నుంచి పోతుంటే లోపల సంతోష్ గొంతు వినిపించింది.

"ఇప్పుడే సృజనకు ఈ కేసు ఇయ్యకుండ్రి మేడం."

ఆమె మిగతాది వినలేదు. గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాడు లస్మవ్వ ఆపరేషన్ పది రోజులు వాయిదా పడిందని తిరుమల చెప్పింది. సృజన ఎందుకని కూడా అడగలేదు. రెండేళ్లు తన చేతులను అంత దగ్గర నుంచి చూసిన మనిషికే వాటి మీద నమ్మకం లేదు, ఇంకేం అడగాలి? ఆ ఆదివారం ప్రాక్టీసు గదికి లోపల గొళ్లెం పెట్టుకుంది. సంతోష్ తలుపు కొట్టి, పిలిచి, చివరికి వెళ్లిపోయాడు. సోమవారం థియేటర్లో "బీపీ ఎంతుందో చెప్తరా డాక్టర్‌గారూ" అని అడిగింది. అతను నొచ్చుకున్నట్టు చూశాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

పదో రోజు గడిచింది. పదకొండో రోజు పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టారు. సరళాదేవి ఎదురుగా నిలబడింది. చేతులు కట్టుకునే ఉంది, సాయం చేయనన్నట్టు.

మొదటి మూడు గంటలు బాగానే జరిగాయి. గడ్డను పెద్ద రక్తనాళం మీది నుంచి విడదీసే చోట ఒక సన్నటి కొమ్మ చిట్లింది. కళ్లముందే పొట్ట నిండా నెత్తురు. సృజన వేలితో అదిమి పట్టింది. వేలి కింద రక్తం కొట్టుకుంటోంది. తల ఎత్తి మేడం వైపు చూసింది. మేడం కదల్లేదు.

"సృజనా," అన్నాడు సంతోష్ తలవైపు నుంచి. "నెత్తురు రెడీగ ఉంది, ఎక్కిస్తున్న. బీపీ నేను చూస్కుంట. నువ్వు నిమ్మళంగ చెయ్యి, మస్తు టైం ఉంది."

ఆ గొంతులో ఆదివారాల నిదానమే ఉంది. ఆమె సన్న దారం అడిగింది. వేలును వెంట్రుకవాసి జరిపి ఒక కుట్టు, మరో కుట్టు, మూడోది. వేలు తీసింది. నెత్తురు రాలేదు. తిరుమల ఊపిరి వదిలిన చప్పుడు అందరికీ వినిపించింది.

పాంక్రియాస్ కుట్లు ఆమె ఆ రోజు వేసినంత అందంగా ఎన్నడూ వేయలేదు. మూడింటికి చివరి కుట్టు పడింది. సరళాదేవి కట్టుకున్న చేతులు విప్పి, నేనైతే ఇంకో అరగంట తీసుకునేదాన్ని అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ విని ఉండరు.

లస్మవ్వ కళ్లు తెరిచి, లేచిన గద సారూ అని సంతోష్‌నే అడిగింది.

క్యాంటీన్లో సృజన అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు కేసియ్యొద్దని మేడంతోని ఎందుకన్నవ్?"

సంతోష్ గ్లాసు కింద పెట్టాడు. "గందుకా తలుపు తియ్యలే? మొత్తం వినకపోతివి. ఇప్పుడే ఇయ్యకుండ్రి, పది రోజులు ఆమెకు బలం రానిద్దాం, అంత నీరసంగుంటే ఎంత మంచి కుట్టైన నిలవదు, తర్వాత సృజనకే ఇయ్యిండ్రి అన్న. పది రోజులు పొద్దుమాపు గుడ్లు తిని పాలు తాగిందో లేదో నేనే పోయి చూసిన. నువ్వు సొంతంగ చేసే మొదటి కేసు మీద ఎవ్వరు ఒక్క మాట అనొద్దని."

సృజన కుర్చీ ముందుకు జరుపుకుంది. "అడగకుండ ఉరికిన. తప్పైంది," అంది.

"తప్పు నాది గూడ ఉంది. నీకు చెప్పాల్సింది రెండున్నయి, ఒక్కటి గూడ చెప్పలే."

"రెండోదేంది?"

అతను చెప్పడానికి నోరు తెరిచాడు. ఏడు గంటలు ఒక ప్రాణాన్ని నిబ్బరంగా మోసిన మనిషి ఆ చిన్న మాట దగ్గర తడబడ్డాడు. కిటికీ వైపు, చాయ్ వైపు, తన గోళ్ల వైపు చూశాడు.

"సరే, నేనే చెప్త," అంది సృజన. "నువ్వంటే నాకు ఇష్టం. జిందగంత నీతోనే ఉండాలనుంది. నువ్వు చెప్పాలనుకున్నది గిదే అయితే తలూపు, సాలు."

సంతోష్ ఎన్నిసార్లు తలూపాడో లెక్కలేదు.

వారానికి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. గడ్డ పూర్తిగా వచ్చేసింది, అంచుల్లో క్యాన్సర్ జాడ లేదు. లస్మవ్వ తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోయింది. సరళాదేవి సృజన శిక్షణ పుస్తకంలో సంతకం చేసింది.

సంతోష్ నాన్న రామకిషన్‌రావు మాత్రం పెళ్లికి వెంటనే ఒప్పుకోలేదు. మనోళ్లు కాదు, బంధువులకేం చెప్పాలె అన్నాడు. కొడుకు వాదించలేదు, ఒకసారి ఆస్పత్రికి వచ్చి చూడమన్నాడు. ఆయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన భార్యను చెకప్‌కు తెచ్చిన హనుమండ్లు. అడగకముందే మొత్తం కథ చెప్పి, ఆ డాక్టరమ్మను కన్నోళ్లు ఎవరోగని వాళ్ల కాళ్లు మొక్కాలె అన్నాడు. రామకిషన్‌రావు చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఆదివారం ఇద్దరినీ వెంటబెట్టుకుని తనే లక్సెట్టిపేటకు బయల్దేరాడు.

పరశురాములు అన్నీ విని ఒకే మాట అడిగాడు. "నా బిడ్డ పొద్దుగాల లోపలికి పోతే ఎప్పుడొస్తదో తెల్వదు. ఇంట్ల ఎవరన్న అన్నం వండలే అంటే నేను పడను."

"మావోడు గూడ గా రూములనే ఉంటడు గదా బావా," అన్నాడు రామకిషన్‌రావు. "ఇద్దరికి టిఫిన్ డబ్బా నేనే పంపిస్త."

బావా అన్న పిలుపు వినగానే గడప దగ్గర నిలబడ్డ సృజన తల్లి కళ్లు తుడుచుకుంది. సంతోష్, సృజన ఒకరినొకరు చూసుకుని చూపు తిప్పుకోవడం మరిచిపోయారు.

పరశురాములు ఫోన్ తీసుకుని వాకిట్లోకి పోయి, మస్కట్‌లో తనతో ఒకే గదిలో ఉన్న సంపత్‌కు కలిపాడు. వాడకట్టంతా వినిపించేలా చెప్పసాగాడు. "సంపతూ, నా బిడ్డ పాంక్రియాస్ ఆపరేషన్ చేసిందిరా. మొత్తం తనే చేసింది. ఏడు గంటలు. మనిషి లేచి నడిచిపోయింది." మళ్లీ మొదటి నుంచి అదే చెప్పాడు. మూడోసారి కూడా చెప్పబోతుంటే భార్య వచ్చి మోచేత్తో పొడిచి, పెండ్లి సంగతి గూడ చెప్పు అంది.