జపమాల ఎవరు చెప్పాలి

రహమత్ నగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో తెల్లారకముందే చీపురు చప్పుడు మొదలైంది. అక్టోబరు, జపమాల మాత నెల. రోజుకో ఇంటికి మోసుకెళ్లే మరియమ్మ స్వరూపం ఆ సాయంత్రం శౌరయ్య ఇంటికి వస్తుంది. జపమాల ఒక్క పూట కూడా ఆగని ఇల్లు తమదేనని అతనికి గర్వం. ఫిల్మ్‌నగర్ సెట్లలో వడ్రంగిగా ఎన్ని రాజమహళ్లు కట్టినా తెర మీద అతని పేరు ఎవడూ వెయ్యలేదు. చెప్పుకోవడానికి మిగిలింది ఇదొక్కటే.

"నా గొంతు పట్టేసింది. ఇయ్యాల బిడ్డ చెప్తది జపమాల," అంది భార్య ఆగ్నేసమ్మ, మాట పెగలక.

"సినిమాల ఏడ్పులు, సరసాలు పలికే గొంతు అది. మరియమ్మ ముందర లేవద్దు," అన్నాడు శౌరయ్య.

సినిమా డబ్బింగ్‌కు బయల్దేరిన కూతురు స్ఫూర్తి గుమ్మంలో ఆగింది. "నువ్వు బార్ సెట్లు కొట్టలేదా నాన్నా? పగలు బార్ కట్టి, సాయంత్రం అదే చేత్తోని జపమాల పట్టుకోలేదా?"

"నాది చెయ్యి. నీది నోరు."

"రెండూ కూలికి పోయినయే," అని ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం చాపల నిండా జనం. భర్త వద్దన్నా ఆగ్నేసమ్మ జపమాల తెచ్చి కూతురి చేతిలోనే పెట్టింది. స్ఫూర్తి చున్నీ తల మీదికి లాక్కుని మొదలుపెట్టింది. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము..." ఆమె సగం చెప్పి ఆగగానే మిగతా సగం అందరూ అందుకుంటున్నారు. శౌరయ్య పెదవి కదపలేదు. అంతమందిలో తండ్రి గొంతు ఒక్కటి లేదని స్ఫూర్తికి తెలిసిపోయింది. ఆమె మధ్యలోనే ఆగింది.

వెనక నుంచి అదే వీధిలో ఉండే జోజప్ప పక్కవాడితో అన్నాడు. "మొన్న సినిమాల హీరోని ముద్దుగ పిలిచింది గీ గొంతే కదా. జపమాల గూడ డబ్బింగేనేమో."

కొందరు కిసుక్కుమన్నారు. పొద్దున తనన్న మాటే అది. పరాయి నోట వినేసరికి శౌరయ్యకు ఒళ్లు మండింది. ఆ తర్వాత సిగ్గేసింది. లేచి నిలబడ్డాడు.

"జోజప్పా, సెట్టు మీదికెల్లి కింద పడి నా నడుం ఇరిగిన కాన్నుంచి ఈ ఇంటికి బువ్వ పెడుతున్న గొంతది. పొద్దుగాల నేను గూడ గట్లనే కూసిన. తప్పు కూసిన. ఇగ ఇంకెవ్వలన్నా ఊకునేది లేదు."

శౌరయ్య కూతురి వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా. ఆపకు."

స్ఫూర్తి కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకుంది. ఆమె ఆగీ ఆగగానే అందరికంటే ముందు, "సర్వేశ్వరుని మాతా, పరిశుద్ధ మరియమ్మా..." అంటూ శౌరయ్య గొంతెత్తాడు. వీధి చివరి దాకా వినపడాలనే ఎత్తాడు.