డీజిల్ గుడ్డ

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది పెద్దాయన. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు బళ్లు కడిగి రిటైరయ్యాడు. ఆయన మాట నమ్మితే, ఆయన తుడిచిన టైర్లలో చూసుకుని డ్రైవర్లు మీసాలు దువ్వుకునేవారట. ఓ ఎద్దు అందులో తన నీడే చూసి, ఇంకో ఎద్దనుకుని బస్సుతో పోట్లాటకు దిగిందట. ఎప్పుడు, ఎక్కడ అని అడిగితే మాత్రం టీ చల్లారిపోతోందనేవాడు.

కూతురు కారు కొన్నాక ఆ చేతులకు మళ్లీ పని దొరికింది. రోజూ ఆమె లేవకముందే, మెట్ల కింద దాచిన డీజిల్ గుడ్డతో టైర్లు నిగనిగలాడేలా రుద్దేవాడు. ఈమధ్య వాటి మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఎండిపోతున్నాయి కాబోలనుకుని గుడ్డ ఇంకాస్త తడిపేవాడు. పగుళ్లు మాయమయ్యేవి. మర్నాటికి ఇంకొన్ని తోడు తెచ్చుకుని వచ్చేవి.

కూతురు కొండ అవతలి బడిలో టీచరు. ఏడాది నిండని పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రోజూ ఆ మలుపుల దారినే వెళ్తుంది. ఆ పొద్దున గాలి పట్టించుకొస్తానని వెళ్లి, పాపను చంకనేసుకుని నడిచి వచ్చేసింది.

"ఏమ్మా, బండేది?"

"టైర్ల షాపతను అక్కడే ఆపేశాడు నాన్నా. టైరు వేలితో నొక్కితే మైనంలా లోపలికి పోయింది. లోపలి వైపు కోడిగుడ్డంత పొంగు. కొండ దిగేటప్పుడు పేలిపోయి ఉండేదట."

పెద్దాయన చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఎవరో రోజూ డీజిల్ పూస్తున్నారట. రబ్బరుకి అది విషమట." ఆమె మేడ వైపు చూసింది. "ఎవరో నాకు తెలుసు."

మేడ మీద ఉండేది ఆమె అన్న. కారు పెట్టే జాగా దగ్గర గొడవై నెల నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గొంతు విని అతను సగం గీసిన గడ్డంతోనే దిగి వచ్చాడు.

"కోపముంటే నన్ను తిట్టు అన్నయ్యా. పాప కూర్చునే బండి అది."

"నేనా? మతి ఉండే మాట్లాడుతున్నావా?"

"డీజిల్ డబ్బా నీ జనరేటర్ పక్కనేగా ఉండేది."

"ఉంటే? మేనకోడల్ని చంపుకుంటానా? ఈ మాటన్నాక ఇక నాకు చెల్లెలు లేదు."

"నాకూ అన్న లేడు. పోలీసుల దగ్గరే తేల్చుకుంటాను."

ఇన్నేళ్లూ కథలల్లిన మనిషికి ఈసారి అల్లాల్సిన పనే లేదు. ఊరికే కూర్చుంటే చాలు, కొడుకు దోషి అయిపోతాడు. పెద్దాయన గోడ పట్టుకుని లేచాడు. మెట్ల కిందికి వంగి గుడ్డ తీశాడు.

"నేనేనమ్మా."

"ఊరుకో నాన్నా. కొడుకుని కాపాడుకోవడానికి ఇదో కథా?"

ఆయన చేతులు చాచాడు. గోళ్ల సందుల్లో నలుపు. "వాసన చూడు. డీజిల్ వాడి డబ్బాలోదే, అడక్కుండా తీశాను. నీ బండి అందరి బళ్లకంటే మెరవాలనుకున్నాను. పగుళ్లు చూశాను తల్లీ. చూసి కూడా పైన పూసేశాను." పాప ఆయన వేలు పట్టుకోబోయింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆ వాసన కూతురికి కొత్తది కాదు. చిన్నప్పుడు సాయంత్రాలు గేటు చప్పుడు కంటే ముందు అదే వచ్చేది. అన్నాచెల్లెళ్లిద్దరూ పోటీపడి దానికి ఎదురు పరిగెత్తేవారు. ఆమె తండ్రి చేతుల్లో ముఖం దాచుకుంది.

"అన్నయ్యా," అంది తల ఎత్తకుండానే.

అతను పాపను ఎత్తుకున్నాడు. గడ్డం మీది నురగ పాప బుగ్గకంటింది. "వెనక తలుపుకున్న స్టెప్నీ టైరు బిగించి, నా బండి వెంటే తీసుకొద్దాం," అన్నాడు. అంతలో అనుమానమొచ్చింది. "నాన్నా, స్టెప్నీకి రాయలేదు కదా?"

పెద్దాయన తల దించుకున్నాడు. "దానికి రెండుసార్లు రాశాను. పాపం, ఒంటరిగా ఉంటుందని."

ఏడుస్తూనే నవ్వింది కూతురు.

కొత్త టైర్లు మెరవవు. ఆయన వాటిని ఉత్త నీళ్లతో కడుగుతాడు. తర్వాత ఒక్కోదాని చుట్టూ, లోపలి వైపు కూడా, అరచేత్తో తడుముతాడు. ఆయన "ఊ" అనేదాకా కూతురు తాళం తిప్పదు. కారు మలుపు తిరిగాక కూడా ఆయన కదలడు. కొండ అవతలి నుంచి ఫోన్ వచ్చేదాకా గేటు పట్టుకుని అక్కడే నిలబడతాడు. ఈమధ్య పక్కన కొడుకు కూడా నిలబడుతున్నాడు.