ఉమ్మడి స్తంభం

నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక. తప్పులు దొర్లితే సరిచేసుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే నాకు పది రోజులు పట్టింది.

అమలాపురంలో ఒకదానికొకటి గోడ కలిసిన నాలుగు మేడలు ఉండేవి. దొరల బంగళాలు చూసి ఆ కాలంలో ఎవరో కట్టించినవి. లోపల ఇటుకే, పైన మాత్రం సున్నపు గచ్చు, పాలరాయిలా మెరిసేది. నాలుగింటికీ ముందు ఒకే వరసలో స్తంభాలు, వాటి తలల మీద గచ్చుతో తీర్చిన ఆకులు. మూడో ఇంటికీ నాలుగో ఇంటికీ మధ్య స్తంభం ఉమ్మడిది. అప్పట్లో నేను నాలుగో ఇంట్లో పనిచేసేదాన్ని.

తొంభై ఆరు తుఫాను తరవాత మూడో ఇంటి మరమ్మతుకు ఆ ఇంటివారి మేనల్లుడు నాగసతీష్ వచ్చాడు. కొత్తగా పాలిటెక్నిక్ పాసైనవాడు. ఎవరినీ అడక్కుండా ఉమ్మడి స్తంభం ఆకులన్నీ కొట్టించేసి సిమెంటు పూయించాడు. నాలుగో ఇంటి లక్ష్మీతులసి కాలేజీ నుంచి వచ్చేసరికి పని అయిపోయింది.

"మా సగం ముట్టుకోమని మీకెవరు చెప్పేరండీ?"

"స్ట్రాంగ్‌గా ఉంటుందనండీ..."

"మీ తలకాయ స్ట్రాంగ్‌గా ఉంది."

మరుసటి వానాకాలం, లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక సిమెంటు పెచ్చులుగా ఊడి ఇటుకలు బయటపడ్డాయి. సతీష్ వీధిలో ఎదురై సారీ చెప్పాడు. సారీలు గోడకి అతుక్కోవని తులసి సైకిలు ఆపకుండానే అనేసి పోయింది.

తరవాత అతను రామచంద్రపురంలో గచ్చుపని తెలిసిన ముసలి మేస్త్రి కనకరాజు దగ్గర చేరాడని తెలిసింది. సున్నం నానబెట్టడం, గానుగలో నూరడం, కరక్కాయ నీళ్ళు కలపడం, గులకరాయితో రుద్దడం అన్నీ నేర్చుకున్నాడు. ఏడాదికి తిరిగొచ్చి, ఎండలో నిచ్చెనెక్కి, తన చేతులతోనే ఆకులు తీర్చడం మొదలుపెట్టాడు.

తులసి కిటికీ రెక్క చాటునుంచి రోజూ చూసింది, రోజూ మండిపడింది. సున్నానికి అతని వేళ్ళు పగిలిపోతున్నాయి. చేతులకి కొబ్బరినూనె రాసుకోవాలని కూడా తెలీదా ఈ మనిషికి? సీసా తెచ్చి నిచ్చెన కింద టక్కున పెట్టి, తల ఎత్తకుండా వెళ్ళిపోయింది.

పని ముగిసి నిచ్చెన దింపుతుంటే బయటికొచ్చింది. స్తంభంలో వాళ్ళ సగం నున్నగా మెరుస్తోంది. తమ సగం ఇటుకలు కనిపిస్తూ అలాగే ఉంది.

"మా సగం ఎందుకు వదిలేసేరు?"

"మీరు చెయ్యమనలేదు కదండీ. పోయినసారి అడక్కుండా చేసేను."

"అడగడానికి నోరు లేదా? ఏడాది పట్టిందా?"

"అదొక్కటే అడగాలంటే ఇన్నాళ్ళు పట్టేది కాదండీ."

తులసి చెవులదాకా ఎర్రబడింది. అది కూడా కోపమే అనుకుంది.

"ఆ రెండోది మా నాన్నగారిని అడగండి. నాకింకా కోపం తగ్గలేదు. స్తంభం పని మాత్రం రేపు పొద్దున్నే మొదలెట్టండి."

"ఆయ్," అన్నాడు సతీష్.

వీరాయమ్మ, అరవై తొమ్మిదేళ్ళు, ప్రస్తుతం ముక్తేశ్వరం