‘నా’ అనే సెరువు

పాతపట్నం దాటి ఒడిశా కొండలెక్కితే, పైన ఒక సెరువున్నాది. సీకటి పడే ఏళకి దాని గట్టున ఉండకూడదంతారు. మనిషి అలికిడైతే సాలు, సెరువు ‘నా... నా...’ అని అరుస్తాదట. నాది, నాకిచ్చీ అని అడుగుతాదట. అలగ అడిగి ఇప్పటికి ముగ్గుర్ని ఉంచీసుకున్నాది. అందరూ శ్రీకాకుళం నుంచి సరదాకి ఎల్లినోళ్ళే.

నేను ఎల్లలేదు, ఎల్లను కూడాను. ఇది మా బావ దేవేంద్ర సెప్పింది. మా బావ మామూలుగా కోతలు కోస్తాడు. ఇది సెప్పినప్పుడు మాత్రం గ్లాసులో టీ సల్లారిపోయినా ముట్టుకోలేదు.

పోయిన డిసెంబర్లో ఒక శనివారం బావ, అతని స్నేహితులు ప్రకాష్, గోవింద్ బళ్ళేసుకుని ఆ సెరువుకి బయల్దేరినారు. ప్రకాష్‌కి పెళ్ళయి నాలుగు నెలలు. అతని భార్య దీవెన గుమ్మంలోకొచ్చి, “రేపు ఇద్దరం చర్చికెల్లాల. బేగి తీసుకొచ్చీ అన్నయ్యా,” అని బావకి అప్పజెప్పింది.

బేగి ఎక్కడ? ఒక ఫొటో, ఇంకో ఫొటో... ఐదున్నరకి మంచు దిగిపోనాది. పది అడుగుల అవతల ఏటీ కనబళ్ళేదట. బళ్ళెక్కడ పెట్టినారో తెలీలేదు. గట్టు పట్టుకుని అరగంట నడిసినారు.

కాళ్ళ కింద గోవింద్ పారేసిన బిస్కెట్ కాయితం... మళ్ళీ.

“ఒరే, ఇందాక ఇక్కడే ఉన్నాం గదరా,” అన్నాడు గోవింద్ గుసగుసగా.

అప్పుడొచ్చింది — కొండవైపు నుంచి, మంచులోంచి. ఆడగొంతు.

“నా...”

ముగ్గురూ గట్టు దిగి పరిగెట్టినారు, గొంతుకి దూరంగా, సెరువువైపు. ఎంత పరిగెడితే అంత గట్టిగా అరిసింది. “నా... నా... నా...”

ముందున్న ప్రకాష్ మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. కాళ్ళు లాక్కోబోతే నడుం దాకా పోనాడు. పైకి పచ్చిక, అడుగంతా ఊబి.

బావ బోర్లా పడుకుని అతని సెయ్యి పట్టుకున్నాడు. బావ కాళ్ళు గోవింద్ పట్టుకున్నాడు. లాగితే రాడు, వదిలితే పోతాడు.

“ఒదిలీరా దేవేంద్రా... నువ్వు కూడా పోతావు,” అన్నాడు ప్రకాష్. “దీవెనకి...”

బావకి ఏడుపొచ్చీసింది. ముందు ఊబి, వెనక ఆ గొంతు. ఇంతలో గడ్డిలో అడుగుల సప్పుడు... దగ్గరకొచ్చీస్తన్నాది. బావ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

“ఈణ్ణివ్వను,” అన్నాడట. “నీకివ్వనే.”

మొహమ్మీద తడిగా ఏదో పడింది. కళ్ళు తెరిస్తే సీర. ఒకదానికొకటి ముడేసిన రెండు సీరలు. అటు సివర ఒక ముసలమ్మ, నడుముకి బిగించి కట్టుకుని, ఎనక్కి వాలి ఉన్నాది.

“పట్టు... పట్టు,” అన్నాది.

ఎంతసేపు లాగినారో బావకి తెలీదు. ప్రకాష్ బయటికొచ్చినాడు, ఒక్క సెప్పూ లేకండా.

ముసలమ్మ గుడిసెలో మేకల మధ్య నిప్పు కాడ కూకున్నాక, గోవింద్ ఉండబట్టలేక అడిగినాడు. “మరి నాది, నాది అని అరిసినావేటమ్మా?”

ఆవిడికి ముందు అర్థం కాలేదు. తరవాత సెయ్యి అడ్డంగా ఊపింది. “నాది కాదు. నా... ఒద్దు. అటు ఒద్దు.”

ఒడియాలో ‘నా’ అంటే ఒద్దని. పాతపట్నం సంతలో ఎవుణ్ణడిగినా సెప్తాడు. మనోళ్ళు ఒక్కడూ అడగలేదు, దెయ్యమనీసి ఊరుకున్నారు.

ఆవిడ కొడుకు ఆ ఊబిలోనే పోనాడట. అప్పట్నుంచి మంచు దిగితే మేకల్ని కట్టీసి, సీరలట్టుకుని వచ్చి కాపలా కాస్తాదట.

ముసలమ్మ నిప్పు ఎగదోసి, వచ్చీరాని తెలుగులో ఒక్కటే అడిగింది.

“ముందు ముగ్గురు పిల్లలు కూడా... నేను ‘నా’ అంటే, అటే పరిగెట్టినారు. ఎందుకు బాబూ?”

ఎందుకో బావకి తెలుసు.