మగ్గం గుంటలో రాజం

పొద్దున్నే పాలు తీసుకొని వచ్చిన లీలమ్మకు మొగుడి మంచం ఖాళీగా కనిపించింది.

రాజానికి బైపాస్ ఆపరేషన్ అయి ఇరవై మూడు రోజులు. కోసి కలిపిన రొమ్ము ఎముక అతికేదాకా చేతులు ఊని లేవొద్దు, బరువులు లాగొద్దు, రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడవాలి అని ఫిజియోథెరపీ డాక్టరు ప్రవీణ్ చెప్పి పంపాడు. వద్దన్నవన్నీ లీలమ్మ చెవికెక్కాయి. చేయమన్నది మాత్రం గాలికి పోయింది. మొగుణ్ని మంచం దిగనిస్తే ఒట్టు!

"జర వాకిట్లకన్న నడిపిద్దాం అత్తమ్మా," అని కోడలు ఉష రోజూ బతిమాలేది.

"మీ నాయిననైతే గిట్లనే నడిపిస్తువా?" అని లీలమ్మ ఆమె నోరు మూయించేది.

ఇప్పుడు చూస్తే రాజం మగ్గం ముందు, గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నాడు.

"ఏం జేస్తున్నవయ్యా!"

"నేస్తలేనే. ఊకె కూసున్న. పండి పండి పీనుగునైతున్న."

అంటూనే, నలభై ఏళ్ల అలవాటు కదా, లేవడానికి రెండు అరచేతులూ గట్టు మీద ఊనబోయాడు.

"మామా, చేతులు ఊనకుండ్రి!" ఉష వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

చేతులు తీసేసి కాళ్ల మీద లేవబోయాడు. మోకాళ్లు వణికి మళ్లీ కూలబడ్డాడు. లీలమ్మ రెక్క పట్టి లాగబోతే ఉష అడ్డుకుంది.

"లాగితె అతుకుతున్న రొమ్ము బొక్క కదులుతది అత్తమ్మా."

"మరెట్ల లేస్తడే?"

"కాళ్లతోనే లేవాలె. సత్తువ లేకపాయె. ఇన్ని దినాలు మనమే పండవెడితిమి."

ఉష 'నువ్వు' అనలేదు, 'మనం' అంది. ఆ మాటకు లీలమ్మ తలెత్తలేకపోయింది.

ఉష గుంటలో పక్కగా పీట వేసింది. రాజం చేతులు రొమ్ముకు హత్తుకుని, పక్కకు తిరిగి మెల్లగా లేచాడు. ఉష నడుము పట్టుకుంటే పీట మీదికి, అక్కడినుంచి గట్టు మీదికి ఎక్కాడు. నొప్పేమీ లేదన్నాడు. చెమట మాత్రం ధారలు కట్టింది.

లీలమ్మకు ఏడుపు ఆగలేదు. "ఆపరేషన్ దినం ఆ తలుపు కాడ ఐదు గంటలు కూసున్న బిడ్డా. మంచంల ఉంటె కండ్ల ముందలుంటడనుకున్న. నేనే ఆగం జేస్తిని."

కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "ఎంతసేపు నడవాలన్నడు ఆ డాక్టరు?"

"పూటకు ఐదు నిమిషాలు. దమ్మొస్తె ఆగాలె."

సాయంత్రం లీలమ్మ మొగుడి చెప్పులు ముందు పెట్టింది. "నడువయ్యా. నేను పక్కపొంటి వస్త."

పక్కింటి గోపమ్మ గడప దాకా పోయి వచ్చారు. రాజం నాలుగుసార్లు ఆగాడు. నాలుగుసార్లూ లీలమ్మ చెయ్యి అతని రెక్క దాకా పోయింది. నాలుగుసార్లూ వెనక్కి తీసుకుంది.